కుచ్చుల దొరగారికి క్షవరం

మన గేటెడ్ కమ్యూనిటీల్లో కాకర్ స్పానియల్‌ని కొనేది కుక్క కోసం కాదు, జుట్టు కోసం. ఇంగ్లండ్ పొదల్లో దూరి ఉడ్‌కాక్ పిట్టల్ని లేపడానికి పెంచిన వేటకుక్క అది. దాన్ని పన్నెండో అంతస్తులో సోఫా ఎక్కించి, కుచ్చు చెవులు కనబడేలా ఫొటో తీసి వాట్సాప్ డీపీగా పెట్టుకుంటాం. ఆ కుచ్చుల్ని రోజూ ఎవరో ఒకరు దువ్వాలని అమ్మినవాడు చెప్పడు, కొన్నవాడు అడగడు.

దువ్వకపోతే చెవుల వెనకా, చంకల్లోనూ జుట్టు అట్టకడుతుంది. అప్పుడు గుర్తొస్తుంది అయ్యగారికి స్నానం! చిక్కు తీయకుండా నీళ్లు పోస్తే ఆ అట్ట ఇంకా బిగుసుకుంటుందని దువ్వెన పట్టినవాళ్లకి తెలుసు. అయ్యగారు ఎన్నడూ పట్టలేదు. ఇక షాంపూ, అమ్మగారిదే. మనుషుల చర్మానికి తయారైన సరుకు కుక్క ఒంటికి పడదు. పడకపోతేనేం, వాసన దివ్యంగా ఉంటుంది. గోక్కోవడం కుక్క సొంత వ్యవహారం.

అసలు కథంతా చెవుల్లో ఉంది. వేలాడే చెవి లోపలికి గాలి ఆడదు, తడి ఆరదు. ఇంకేం, ఈస్టుకీ బ్యాక్టీరియాకీ పండగే. చెవి లోపలివైపు జుట్టు పొట్టిగా కత్తిరించండి, స్నానం కాగానే దూదితో తడి అద్దండి, వారానికోసారి వాసన చూడండి అంటాడు పశువైద్యుడు. కుక్క చెవి వాసన చూడటమా, ఛీ! మనకి ఇయర్‌బడ్ ఉందిగా. కుక్క చెవి గొట్టం నిలువుగా దిగి ఆపైన అడ్డంగా తిరుగుతుంది. ఆ మలుపు దాకా మైలని శ్రద్ధగా నెట్టి వస్తాం.

ఏప్రిల్ రాగానే జాలి పొంగుకొస్తుంది. 'పాపం, ఉక్క!' అంటూ మిషన్ పెట్టి, తిరుపతి మొక్కు తీర్చినట్టు గుండు గీయిస్తాం. కుక్క చల్లబడేది ముఖ్యంగా రొప్పడం వల్ల. వీపు మీది జుట్టు ఎండకి అడ్డు. ఆ అడ్డు తీసేశాక ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. మళ్లీ మొలిచే జుట్టు చాలాసార్లు పట్టులా రాదు, ఉన్నిలా ముతకగా వస్తుంది. అందుకే తెలిసినవాళ్లు వీపు మీద చచ్చిన వెంట్రుకల్ని చేత్తో ఓపిగ్గా లాగుతారు. ఓపిక! అది పెట్ షాపులో దొరకదు.

గోళ్ల సంగతికొస్తే, నల్లగోరులో నరం ఎక్కడుందో కనబడదు. కొసరి కొసరి కత్తిరించాలి. మనవాడు ఒక్క నొక్కు నొక్కుతాడు. రక్తం, కుయ్యిమనే అరుపు. ఆ సాయంత్రం లిఫ్టులో, 'మావాడికి గ్రూమింగ్ అంటే భయమండీ' అని ముచ్చటగా చెబుతాడు.

1952లో అమెరికా నేత నిక్సన్ టీవీలో చెకర్స్ అనే కాకర్ స్పానియల్ పేరు చెప్పుకుని ఉపాధ్యక్ష అభ్యర్థిత్వం నిలబెట్టుకున్నాడు. ఆ జాతి మొహమే అంత. దాన్ని చూశాక యజమానిని నిలదీయాలనిపించదు.

రోజుకో పావుగంట దువ్వెన పట్టలేని మహానుభావులారా, మీ వీధిలోనే పొట్టి జుట్టు కుక్కలు బోలెడున్నాయి. ఈ ఎండలకే పుట్టి పెరిగినవి. రేబిస్ టీకా వేయించి ఒకదాన్ని ఇంటికి తెచ్చుకోండి.