దూడగడ్డి యాత్ర

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. వాడే ఇవాళ బతికుంటే చంకలో ఏడాదిన్నర పిల్ల, భుజాన డైపర్ల సంచీ ఉండేవి. మాల్దీవులకెందుకు బాబూ? పిల్ల కోసమండీ. బాలీకి? పిల్ల కోసమే. 3,500 మీటర్ల ఎత్తున, పెద్దవాళ్లే దిగిన రోజున ఆయాసపడి మంచమెక్కే లేహ్‌కి? దానికి మంచు చూపిద్దామనండీ! మంచు చూస్తానని అది ఏ భాషలో అడిగిందో మాత్రం చెప్పరు. మా మనవరాలికి వచ్చిన మాటలు మొత్తం పదకొండు. అందులో మూడు కుక్కకే.

ఆ మధ్య ఓ రాత్రి అన్నాల దగ్గర మావాడు "నాన్నా, చిట్టికి రెండేళ్లు నిండేలోగా ఓ ట్రిప్పు వెయ్యాలి" అన్నాడు. రెండేళ్లు నిండితే ఏ గ్రహం అడ్డొస్తుందోనని భయపడ్డాను. అడ్డొచ్చేది టికెట్టట. రెండేళ్లలోపు పిల్లకి విమానంలో సీటివ్వరు, ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఏదో కొద్ది రుసుంతో పోతుంది. ఆ పుట్టినరోజు దాటిందా, దానికీ సీటు, దాదాపు పెద్దవాళ్ల చార్జీ. వెనకటికి పిల్లల ముచ్చట్లకి పంచాంగం చూసేవాళ్లం. ఇప్పుడు ఎయిర్‌లైన్స్ వాళ్ల నిబంధనలు చూస్తున్నాం.

మొదట దుబాయ్ అనుకున్నారు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాని 80 సెంటీమీటర్ల మనిషికి ఎలా చూపిస్తారో నాకు అంతుపట్టలేదు. తలెత్తితే వెల్లకిలా పడుతుంది. తర్వాత మాల్దీవులు. సముద్రంలో గుంజలు పాతి కట్టిన గదులు, వరండా మెట్లు దిగితే నీళ్లే. "ఎంత బావుందో చూడండి మావయ్యగారూ" అని కోడలు ఫొటో చూపించింది. బావుంది. నాలుగు వైపులా సముద్రం, ఒక్క వైపూ పిట్టగోడ లేదు. బాత్రూం తలుపు ఓరగా ఉంటే చాలు, బకెట్టు మీదికి పరిగెత్తే పిల్లని తీసుకెళ్లడానికి ఇంతకన్నా అనువైన చోటు ఎక్కడ దొరుకుతుంది? అద్దె చూశాక మావాడే అక్కడ పిల్లలకి సేఫ్టీ లేదని కనిపెట్టాడు.

చివరికి అరకు ఖాయమైంది. విశాఖ దాకా విమానం (ఒళ్లో పిల్ల), అక్కణ్ణుంచి అద్దాల పెట్టె ఉన్న రైలు. నన్నూ మా ఆవిణ్ణీ కూడా రమ్మన్నారు. ప్రేమతోనే అనుకున్నాను. స్టేషన్లో పిల్ల తోపుడు బండి మడతపెట్టి నా చేతికిచ్చాక నేను మనుషుల లెక్కలో లేననీ, సామాను మోసే లెక్కలో ఉన్నాననీ తెలిసింది.

ఆ రైలు గురించి చెప్పాలి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన లైను అది. లైను పొడవునా 58 సొరంగాలు. ఇనుపరాయికి పగటినిద్ర లేదు కాబట్టి దానికేం ఇబ్బంది ఉండి ఉండదు. మా పిల్లకి ఉంది. సొరంగం రాగానే కుర్రకారు గొంతు చించుకుని అరవడం ఆ రైల్లో ఆనవాయితీ. పిల్ల ఉలిక్కిపడి ఏడుస్తుంది, కోడలు జోకొడుతుంది, కళ్లు మూతపడతాయి, మళ్లీ సొరంగం. నేను పద్నాలుగు దాకా లెక్కపెట్టి మానేశాను. కిటికీలోంచి లోయలు, వాగులు, పసుపు పచ్చని చేలు పోతూనే ఉన్నాయి. పైకప్పు అద్దాల్లోంచి ఆకాశం కనిపిస్తోంది. పిల్ల వాటిలో ఒక్కటీ చూడలేదు. ఆ పెట్టెలో కుర్చీలు గుండ్రంగా తిరుగుతాయి. నిద్ర తేలిపోయాక ఆ కుర్చీని తిప్పమంటుంది, తిప్పడం ఆపితే రాగం అందుకుంటుంది. దానికి తూర్పు కనుమలంటే తిరిగే కుర్చీ. హైదరాబాద్‌లో మావాడి గదిలో, ఆఫీసు పనికని కొన్నది అలాంటిదే ఒకటుంది.

బొర్రా గుహల్లో ఇంకో ముచ్చట. సున్నపురాయి మీద ఎన్ని వేల ఏళ్లు నీళ్లు బొట్టుబొట్టుగా కారితే అక్కడ శివలింగమో ఏనుగో వెలిసిందో జనం వేలు చూపించి చెప్పుకుంటున్నారు. మెట్లమీద తోపుడు బండి నడవదు గనక దాన్ని నేను మోశాను, పిల్లని వాడు మోశాడు. గబ్బిలాల కంపుకి అది ముక్కు చిట్లించి కిందికి దింపమంది. దింపితే రెండు మెట్ల మధ్య చీమల బారు కనిపించింది. గొంతుక్కూర్చుంది. పది నిమిషాలు కదల్లేదు. వెనక జనం ఆగిపోయారు. "చిట్టీ, పైకి చూడమ్మా, ఎంత పెద్ద గుహో!" అని మావాడు బతిమాలుతున్నాడు. దాని ఎత్తు నుంచి చూస్తే ఆ గుహలో చూడదగింది చీమలే.

ఇక 'కిడ్ ఫ్రెండ్లీ' రిసార్టు. నెయ్యి డబ్బా మీద 'స్వచ్ఛమైన' అన్న మాటకి ఎంత అర్థముందో దీనికీ అంతే. పిల్లల ఆటస్థలంలో ఓ ప్లాస్టిక్ జారుడుబల్ల, రంగు బంతుల తొట్టి, పక్కన బోర్డు: 3 ఏళ్లు దాటిన పిల్లలకు మాత్రమే. గదిలో గాజు టీపాయి, దాని నాలుగు మూలలూ కొలిచి పెట్టినట్టు మా చిట్టి నుదుటి ఎత్తున. వేడి పాలడిగితే పాలపొడి పొట్లాలు తెచ్చిచ్చారు. స్టేషన్‌కి పంపిన కారులో పిల్లల సీటు లేదు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని బెల్టు గానీ తగిన సీటు గానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో ఉందయ్యా అన్నాను. "ఒళ్లో పెట్టుకోండి సార్, ఘాట్ రోడ్డు" అన్నాడు డ్రైవరు. ఘాట్ రోడ్డు కాబట్టి జాగ్రత్త అనా, ఘాట్ రోడ్డు కాబట్టి పోలీసులుండరనా, అడగలేదు. భోజనాల బల్ల మీద నలభై రకాలు, బొంగు చికెన్‌తో సహా. అంగట్లో అన్నీ ఉన్నా మా చిట్టి తిన్నది పెరుగన్నం.

అయినా ఇదంతా దేనికంటే మెమరీస్ అట. మూడు, మూడున్నరేళ్లకి ముందు జరిగినవి పెద్దయ్యాక మనిషికి సాధారణంగా గుర్తుండవు. దీనికి ఫ్రాయిడ్ పేరు పెట్టి కూడా వందేళ్లు దాటింది. గుర్తుండేది ఫోనుకి. అందుకే కాబోలు, యాత్ర మొత్తమ్మీద అందరికన్నా బాగా చూసుకున్నది ఫోన్నే. పిల్ల పాలు రెండు పూటలు తప్పాయి, ఫోను చార్జింగు ఒక్క పూట తప్పలేదు.

నవంబరు కదా, వలిసె పూలు విరగబూశాయి. కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుంది. చేలో దిగి ఫొటో తీసుకోవాలంటే రైతుకి మనిషికింత ఇవ్వాలి. మొత్తం వ్యవహారంలో న్యాయంగా సంపాదించింది ఆ రైతొక్కడే. మధ్యాహ్నం ఒంటిగంట, సరిగ్గా పిల్ల నిద్రవేళ. నా భుజమ్మీద సొల్లు కారుస్తూ పడుకుంది. లేపారు. మొహం తుడిచి, ఇంటి దగ్గరే ఇస్త్రీ చేయించి తెచ్చిన ఆకుపచ్చ గౌను తొడిగి (పసుపు పూలకి ఆకుపచ్చ 'కాంట్రాస్టు' అట) పూల మధ్య నిలబెట్టారు. "ఒక్క స్మైలు బంగారం!" బంగారం ఆరున్నొక్క రాగంలో ఉంది. ఇంతలో గట్టు మీద ఎవరిదో కుక్క పోయింది. పిల్ల కళ్లనీళ్లతోనే నవ్వింది. ఆ అరక్షణం ఫోనుకి చిక్కింది. కింద కోడలు రాసిన మాట: 'ప్రకృతి ఒడిలో మా చిట్టితల్లి'. కుక్క ఊసు లేదు.

మర్నాడు రిసార్టు వాళ్ల 'పల్లె అనుభవం'. ఎడ్లబండి, కుండలో నీళ్లు, పిల్లలు మట్టిలో ఆడుకునేందుకు గంటకింత. ఇంటి దగ్గర మట్టి ముట్టుకుంటే శానిటైజరు సీసా తీసుకుని పరిగెత్తే మావాడు డబ్బు కట్టి మరీ కూతుర్ని మట్టిలో దింపాడు. తెనాలి పక్కన మా ఊరుందిగా, సంక్రాంతికి వెళ్దామంటే దోమలన్నాడు, ఇన్ఫెక్షన్లన్నాడు. అయినా వాణ్ణి మాత్రం ఏమని అంటాం? మా ఊరి పెరట్లో ఇప్పుడు మట్టి లేదు. బురదవుతోందని సిమెంటు చేయించింది నేనే.

తిరిగొచ్చాక రెండు రోజులు పిల్లకి జలుబు, మావాడికి నడుంనొప్పి. నేను ఎప్పట్లాగే పొద్దున్నే పార్కుకి వెళ్లాను. మా మనవరాలు అరకు చూసొచ్చిందని, ఊరికే, మాటల్లో మాటగా అన్నాను. వలిసె పూల ఫొటో కూడా చూపించాను. నాతో నడిచే రిటైర్డు మాస్టారొకాయన కళ్లజోడు సర్దుకుని చూసి, "బావుందండీ. మావాడు మొన్న సింగపూర్ వెళ్లొచ్చాడు. వాడికి పదహారు నెలలు" అన్నాడు.

ఇంటికొచ్చి కాఫీ తాగాను. పేపరు తిరగేశాను. అందులో ఏముందో గుర్తులేదు. చిట్టికి రెండేళ్లు నిండడానికి ఇంకా మూడు నెలల పైనే ఉంది.

"ఏరా," అన్నాను మావాడితో, "సింగపూర్‌కి ఎంతవుతుంది? నాకేం సరదా లేదు. పిల్ల కోసం."