హాలి రూపాయి మట్టెలం

మట్టెలు కాకముందు మేమిద్దరం ఒక్కటే రూపాయి. హైదరాబాద్ సైఫాబాద్ టంకశాలలో అచ్చుపడ్డ హాలి సిక్కా. ఒక పక్క చార్మినార్ బొమ్మ, ఆ చార్మినార్ దర్వాజా నడుమ 'అయిన్' అనే ఒకే ఒక్క ఉర్దూ అక్షరం. 1911లో గద్దెనెక్కిన నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరులో మొదటి అక్షరమది. మా బరువు 11.178 గ్రాములు. వెయ్యి పాళ్లలో 818 పాళ్లు వెండి, తక్కినదాంట్లో రాగి.

1950లో భారత రూపాయి వచ్చిన తర్వాత కూడా కొన్నేళ్లు చెల్లాం. 1959 నాటికి మా చెలామణి ముగిసింది. చెల్లకపోయినా మాకు పని కరువు కాలేదు. బంజారా ఆడవాళ్లు మా తోటి రూపాయలను హారాల్లో గుచ్చుకున్నారు, కొన్ని కడియాలై కాళ్లకెక్కాయి. మమ్మల్ని కరీంనగర్ దిక్కు ఒక రైతు ఇల్లాలు పాతగుడ్డలో చుట్టి వడ్ల గుమ్మిలో దాచింది. కొడుకు పెండ్లికి అక్కరకొస్తామని.

1971లో ఆ పెండ్లి కుదిరింది. మా దగ్గర పుస్తె, మట్టెలు వేరువేరు మాటలు కావు. పుస్తెమట్టెలు అని ఒక్క ఊపిరిలో అంటారు. పుస్తె బంగారంతో, మట్టెలు వెండితో. బంగారం లక్ష్మి కాబట్టి నడుముకు కింద పెట్టుకోరాదంటారు. అందుకే ఎంత ఉన్నింటి పిల్లకైనా కాలివేలికి వెండే.

అవుసలాయన కుంపటి రాజేసి, మూసలో రూపాయి వేసి, వెలిగారం చల్లాడు. గొట్టంతో ఊదుతుంటే చార్మినార్ ముందు మసకబారింది, తర్వాత కరిగింది. "రాగి తీసేస్తవా తమ్మీ?" అని పెండ్లికూతురికి కాబోయే అత్త అడిగింది. "ఉండనియ్యి అక్కా. ఉత్త వెండి మెత్తగుంటది. నాట్లేసే కాలికి గట్టిది కావాలె" అన్నాడాయన. కడ్డీ పోసి, సుత్తితో సాగగొట్టి, సగానికి నరికి, రెండు ముక్కలనూ గుండ్రంగా వంచాడు. కొసలు మాత్రం అతకలేదు, సన్నటి సందు వదిలాడు. ఆ సందు విలువ మాకు తర్వాత తెలిసింది. కోడలు నీళ్లాడే నెలల్లో కాళ్లు వాచినప్పుడు కొంచెం ఎడంగా జరిగి ఆమె వేలికి చోటిచ్చాం. వాపు దిగాక వేళ్లతో నొక్కుకుంది. నొక్కులకు లొంగని ఉంగరమైతే కోసి తీయాల్సి వచ్చేది.

పందిట్లో ఆమె కాలు సన్నికల్లు మీద పెట్టించారు. ఈ రాయిలా స్థిరంగా ఉండమని అక్కడ చెప్పే మంత్రానికి అర్థం. పెండ్లికొడుకు వంగి, కాలి రెండో వేలు పట్టుకొని మమ్మల్ని తొడిగాడు. ఆయన చేయి వణికింది. పెండ్లి మొత్తంలో మగవాడు ఆడపిల్ల పాదాల దగ్గరికి వంగే ఆ ఘడియ మాది. అయితే పందిరి దాటినంక పెండ్లయిన గుర్తులన్నీ ఆమె ఒంటిమీదే మిగిలాయి: మెడలో పుస్తె, కాళ్లకు మేము. ఆయన ఒంటిమీద ఏ గుర్తూ లేదు. ఇది మాకు మొదటినుంచీ కష్టంగానే ఉంది.

రెండో వేలి నరం నేరుగా గర్భసంచికి పోతుందని, అందుకే మట్టెలని చాలామంది రాస్తారు. శరీరశాస్త్రంలో అలాంటి నరం లేదు. ఎడమచేతి ఉంగరపు వేలినుంచి గుండెకు ఒక నరం పోతుందని రోమన్లు నమ్మారు, ఉంగరం ఆ వేలికి పెట్టడానికి అదే కారణమని చెప్పుకున్నారు. అదీ లేదు. లేని నరాలు చూపించి గౌరవం తెచ్చుకోవాల్సిన అవసరం మాకు లేదు. ఆమె నడిచిన నడక చాలు.

ఆ నడకంతా పొలంలోనే. నాట్ల కాలంలో నీళ్లు నిలిచిన బురదలో గంధకం కలిసిన వాయువు పుడుతుంది, అది తగిలి వెండి నల్లబడుతుంది. సాయంత్రం బాయిగడ్డ మీద కూసొని చింతపండుతో రుద్దితే మళ్లీ తెల్లబడేవాళ్లం. పక్క వేళ్ల రాపిడికి, ఇసుకకు ఏటికేడు అరిగిపోయాం. అంగట్లో చేపబొమ్మవి, గజ్జెలవి, తెల్లరాళ్లు పొదిగినవి ఎన్నో వచ్చాయి. కూతురు ఒక జత తెచ్చింది కూడా. పండుగకు పెట్టుకొని మళ్లీ మమ్మల్నే తొడుక్కుంది. మనుమరాలి నిశ్చితార్థంలో పిల్లా పిల్లగాడూ ఇద్దరూ ఉంగరాలు మార్చుకుంటే ఆమె చాలాసేపు సంబురంగా చూసింది. మాకూ నచ్చింది. గుర్తు ఇద్దరికీ ఉండాలి.

మొన్నటేడు ఆయన పోయాడు. పదో దినం నాడు ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారు. గాజులు, బొట్టు, పుస్తె, మట్టెలు. మమ్మల్ని తీయడానికి ఒకామె వంగింది.

అప్పుడు కూతురు అడ్డం నిలబడింది. మహారాష్ట్రలో, కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ అనే ఊళ్లో, 2022 మేలో గ్రామసభ తీర్మానం చేసింది: భర్త చనిపోయిన ఆడమనిషి గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, మంగళసూత్రం తెంచడం, మట్టెలు తీయడం ఇక తమ ఊళ్లో ఉండవని. అదే నెలలో అక్కడి ప్రభుత్వం మిగతా పంచాయతీలనూ ఆ దారి పట్టమంది. ఆ సంగతి కూతురు అందరికీ వినబడేలా చెప్పింది. "అది వాళ్ల ఊరు" అన్నారు కొందరు. ఒక పెద్దమనిషి లేచి బయటికి నడిచాడు.

ఆమె అంతదాకా మాట్లాడలేదు. కాళ్లు వెనక్కి ముడుచుకొని చెప్పింది: "ఆయన తొడిగిండు. పోయేటప్పుడు తియ్యమని నాకు చెప్పలే. ఇవి మా అత్త దాచిన రూపాయి. వీటితోని నాట్లేసిన, ముగ్గుర్ని కన్న. మీరెట్ల తీస్తరు?"

పుస్తె తీయనిచ్చింది. గాజులు తీయనిచ్చింది. అంతదూరమే ఆమె పోగలిగింది, దానికి ఆమెను తప్పుపట్టం. మమ్మల్ని మాత్రం ఇవ్వలేదు. ఇద్దరు ముగ్గురు చుట్టాలు తినకుండానే వెళ్లిపోయారు.

వయసుతో ఆమె వేళ్లు సన్నబడ్డాయి, మేం జారుతున్నాం. పోయిన వారం కరీంనగర్‌లో ఆ అవుసలాయన కొడుకు దుకాణానికి పోయింది. అతను తూచి చూస్తే ఇద్దరం కలిసి సగం రూపాయి బరువు కూడా లేము. కరిగించి కొత్తవి చేస్తానన్నాడు. వద్దంది. కాలు ఎత్తి బల్ల మీద పెట్టింది.

"కొసలు దగ్గరికి నొక్కు బిడ్డా, జారొద్దు. రేపటిసంది పత్తి ఏరబోవాలె."