తిరగబడిన అమ్మ

మా ఫ్లాట్ వెనక, వాషింగ్ మెషిన్ పక్కనున్న నాలుగడుగుల జాగాను నేను స్టూడియో అంటాను. మా ఆయన అంట్లు తోమే చోటంటారు. రాగి రేకు మీద బొమ్మ కొరికించి లాకెట్లు చేసేది అక్కడే. కొరికేది నేను కాదు, ఫెర్రిక్ క్లోరైడ్. కోఠీ గుజరాతీ గల్లీలో, సర్క్యూట్ బోర్డులు చేసుకునే కుర్రాళ్ల కోసం అమ్ముతారు. ముదురు కషాయంలా ఉంటుంది. రాగిని తినేస్తుంది, టోనర్ అంటిన చోటు మాత్రం ముట్టదు. ప్లాస్టిక్ డబ్బాలోనే పోయాలి, స్టీలునూ వదలదు. మా అత్తగారి గిన్నె ఒకటి అలాగే పోయింది. ఆ కథ ఇప్పుడొద్దు.

అమ్మ అరవయ్యో పుట్టినరోజుకి "అమ్మ" అన్న అక్షరాలతో లాకెట్ చేద్దామనుకున్నాను. నున్నటి గ్లాసీ కాగితం మీద లేజర్ ప్రింట్ తీయించి, రేకు మీద బోర్లించి ఇస్త్రీపెట్టెతో అదిమితే టోనర్ రేకుకు అంటుకుంటుంది. ప్రింట్ తీసే ముందు జిరాక్స్ షాపు కుర్రాడు అడిగాడు: "మేడం, మిర్రర్ కొట్టాలా?"

వాణ్ణి నేను చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మాది బందరు. పక్కనే పెడన. కలంకారీ అచ్చుల్ని టేకు చెక్క మీద తిరగేసి చెక్కడం చూస్తూ పెరిగినదాన్ని. నాకా నేర్పేది! "అక్కర్లేదు, ఉన్నదున్నట్టు కొట్టు" అన్నాను.

కాగితం నానబెట్టి ఒలిస్తే రేకు మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి. అప్పుడైనా ఆగొచ్చు. నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిస్తే టోనర్ పోతుంది, రెండు నిమిషాల పని. ఆగలేదు సరికదా, మురిసిపోయాను. అచ్చన్నాక తిరగబడే ఉండాలి కదా! ఇక్కడ అచ్చు కాగితమని, నా రాగి రేకు పెడన లెక్కలో గుడ్డ అని బుర్రకు తట్టలేదు. ఆ లాకెట్‌ని ఎవరి చీర మీద అద్దుదామనుకున్నానో మరి.

వెనకవైపు టేపు అంటించి, కరిగిన మడ్డి కిందికి రాలేలా రేకును బోర్లా వేలాడదీశాను. ఆ మాత్రం శాస్త్రం తెలుసు. ముప్పావుగంటకు తీసి, వంటసోడా నీళ్లలో ముంచి, చింతపండుతో తోమాను. అక్షరాలు ఎంత పదునుగా లేచాయో! నా చేతిలో అంత బాగా కుదిరిన పని ఇంకోటి లేదు. మురిపెంగా ఫోటో తీసి అక్కకు పంపితే, "కన్నడమా?" అని జవాబొచ్చింది.

ఇంకోటి చేసే వ్యవధి లేదు. అమ్మకు జరిగింది చెప్పి అదే ఇచ్చాను. గొలుసుకు తగిలించుకుని బీరువా అద్దం ముందు నిలబడింది. "బాగానే ఉంది గదే, చక్కగా చదవొస్తోంది" అంది.

ఎదురుపడినవాళ్లు మాత్రం అదేం భాషని అడుగుతున్నారట. నేను జిరాక్స్ షాపు మార్చేశాను.