ఇంకో రెండు వేలు వేసుకో, తమ్ముడూ!

బెంగళూరు వైట్‌ఫీల్డ్ పక్కన కాడుగోడిలో నీళ్ళ ట్యాంకరుకు డబ్బు పెట్టాలి, బండి నిలపడానికి డబ్బు పెట్టాలి, హోప్‌ఫామ్ సిగ్నల్ దాటడానికి ఆయుష్షు పెట్టాలి. ఊరికే దొరికేది ఒక్కటే, ఏ కంప్యూటర్ కొనాలో సలహా. ఏ పీజీ హాస్టల్ మెట్ల మీదైనా నిలబడి "అన్నా, డెస్క్‌టాప్ కొందామనుకుంటున్నా" అని గొణిగి చూడండి. నాలుగు గదుల తలుపులు తెరుచుకుంటాయి. ఒకడిది ఇంటెల్ మతం, ఒకడిది ఏఎండీ మతం, మూడోవాడు రెండింటినీ తిట్టే నాస్తికుడు, నాలుగోవాడు ఆపిల్ ఫోను పట్టుకుని మిగతా ముగ్గురినీ జాలిగా చూసేవాడు. మంత్రం మాత్రం నలుగురిదీ ఒకటే: "ఇంకో రెండు వేలు వేసుకో తమ్ముడూ, మంచిదొస్తుంది."

అడిగేవాడెవరో ముందు చూద్దాం. ఈ చుట్టుపక్కల పీజీల్లో వంట చేసేవాళ్ళలో, క్యాబులు తోలేవాళ్ళలో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రాత్రంతా కూర్చునేవాళ్ళలో మదనపల్లె, కదిరి, హిందూపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళింట్లో కుర్రాడు బీసీఏలో చేరతాడు. కాలేజీ ల్యాబులో ఒక కంప్యూటర్ ముందు ఇద్దరిని కూర్చోబెడితే మౌసు ఎప్పుడూ పక్కవాడి చేతిలోనే ఉంటుంది. ఇంట్లో ఒకటి ఉండాలి. తండ్రి చీటీ పాడి పాతిక వేలు తెస్తాడు. పాతిక వేలంటే పాతిక వేలే. ఇరవై ఆరో వెయ్యి ఆ ఇంట్లో లేదు, పాడటానికి రెండో చీటీ లేదు.

ఇక చెప్పేవాడు. ఐటీపీఎల్ టెక్ పార్కు గేటు లోపల ఉద్యోగం. ఒళ్ళో కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్. అది పాతబడితే కంపెనీయే తీసుకుని కొత్తది ఇస్తుంది. కంప్యూటర్ కోసం ఇంట్లో డబ్బు కదిలిన జ్ఞాపకం అతనికి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంతో ఆగిపోయింది, అదీ నాన్న డబ్బు. వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి అంటారు. ఇక్కడ వినేవాడు వెర్రివాడేమీ కాదు, అవసరంలో ఉన్నవాడు. చెప్పేవాడు మాత్రం వేదాంతే, సందేహం లేదు.

ఈ వేదాంతానికి శ్రుతులు యూట్యూబులో ఉన్నాయి. "పాతిక వేలలో అదిరిపోయే గేమింగ్ పీసీ" అని వీడియో. మొదటి రెండు నిమిషాలు పాట, తర్వాతి రెండు నిమిషాలు లైకు, షేరు, గంట గుర్తు. ఆ తర్వాత లెక్క మొదలవుతుంది. నిజంగానే పాతిక వేల దగ్గర ఆగుతుంది. ఎలా ఆగిందంటే, అందులో మానిటర్ లేదు. కీబోర్డు, మౌసు లేవు. కరెంటు పోతే కాపాడే యూపీఎస్ లేదు. విండోస్ ఖరీదు లేదు. పాతిక వేలకు వచ్చేది మన ఇళ్ళలో సీపీయూ అని పిలుచుకునే డబ్బా. దాన్ని బల్ల మీద పెట్టుకుని దణ్ణం పెట్టుకోవచ్చు, వాడుకోవడానికి కుదరదు. మానిటర్‌కు ఆరేడు వేలు, యూపీఎస్‌కు మూడు వేలు, మిగతా చిల్లరకు ఒక వెయ్యి కలిపితే పాతిక ముప్పై ఆరవుతుంది. వీడియో చేసినాయన్ను అడిగితే "అవి మీ దగ్గర ఉంటాయి కదా బ్రో" అంటాడు. మొదటి కంప్యూటర్ కొనేవాడి ఇంట్లో మానిటర్ ముందే ఎలా ఉంటుంది బ్రో?

ఇంకా తమాషా ఏమిటంటే, కొన్ని జాబితాల్లో ప్రాసెసర్ పేరు ఐ3-12100ఎఫ్ అని ఉంటుంది. ఆ చివరి ఎఫ్ అక్షరాన్ని గుర్తుపెట్టుకోండి. ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ లేవని అర్థం, అందుకే కాస్త చవక. "గ్రాఫిక్స్ కార్డు తర్వాత కొనుక్కోవచ్చు" అని జాబితా కింద ఉంటుంది. ఆ "తర్వాత" వచ్చేదాకా తెర మీద బొమ్మే రాదు. పాతిక వేలు పోసి కుర్రాడు కొనుక్కున్నది ఫ్యాను చప్పుడు.

ఇప్పుడు ఆ రెండు వేలు ఎలా మెట్లెక్కుతాయో చూడండి. కుర్రాడు తెలివైనవాడు, ఎఫ్ గండం దాటి ఏఎండీ రైజెన్ 5 5600జీ అనుకున్నాడు. 2021 నాటి చిప్పు, ఆరు కోర్లు, గ్రాఫిక్స్ లోపలే ఉన్నాయి, కోడు రాసుకునేవాడికి చాలు. మొదటి అన్న వచ్చాడు: "మదర్‌బోర్డు ఏ520నా? ఛీ. రెండు వేలు వేసుకుంటే బీ550 వస్తుంది, ఫ్యూచర్ ప్రూఫ్." రెండో అన్న: "రేకు డబ్బా క్యాబినెట్టా? రెండు వేలు వేసుకో, గాజు పలకది వస్తుంది, మూడు ఫ్యాన్లు, రంగుల లైట్లు." మూడో అన్న: "ఇంత బోర్డు, ఇంత క్యాబినెట్ పెట్టుకుని గ్రాఫిక్స్ కార్డు లేకపోతే బాటిల్‌నెక్కు కదరా." కార్డు వచ్చింది. నాలుగో అన్న: "ఆ కార్డుకు ఈ మానిటరా? 144 హెర్ట్జ్‌ది తీసుకో." చీటీ పాటలో కూడా తోటివాళ్ళు ఇంత ఉత్సాహంగా పైకి పాడరు. ముప్పై ఆరు దగ్గర మొదలైంది అరవై దాటింది. అరవై వేలంటే పీజీలో వంట చేసే తండ్రికి మూడు నెలల జీతం. కుర్రాడు "ఆలోచిస్తానన్నా" అని దిగిపోయాడు. సాయంత్రం నలుగురు అన్నలూ టీ తాగుతూ ఒక నిర్ణయానికొచ్చారు: "వాడికి సీరియస్‌నెస్ లేదు."

నాదొక ప్రతిపాదన. ఎవరైనా "ఇంకో రెండు వేలు వేసుకో" అన్న మరుక్షణం ఫోన్లో క్యూఆర్ కోడ్ తెరిచి వాళ్ళ ముందు పెట్టాలి. అన్న నోట మాట వచ్చింది కాబట్టి అన్న ఖాతాలోంచే రెండు వేలు రావాలి. ఈ పద్ధతి పెడితే వైట్‌ఫీల్డ్ మొత్తం మీద బీ550 బోర్డు అవసరం ఎంతమందికి ఉందో ఒక్క రోజులో తేలిపోతుంది.

ఫ్యూచర్ ప్రూఫ్ అన్నారు కదా, ఆ భవిష్యత్తు సంగతి. ఏఎండీ వాళ్ళ ఏఎం4 సాకెట్ 2016లో వచ్చింది, దాని మీద చాలా తరాల ప్రాసెసర్లు కూర్చున్నాయి. నిజమే, మెచ్చుకోవాలి. కానీ 5600జీ ఆ సాకెట్ జాతర చివర్లో వచ్చిన చుట్టం. ఇంటెల్ అయితే 2021లో ఎల్‌జీఏ 1700 పెట్టి 2024 అక్టోబరులో 1851కి మారిపోయింది. నాలుగేళ్ళ తర్వాత ఈ కుర్రాడు మార్చాలనుకుంటే ప్రాసెసర్‌తో పాటు బోర్డూ ర్యామూ కూడా మారతాయి. ఇవాళ కట్టిన రెండు వేలకు అప్పుడు దక్కేది బోర్డు వచ్చిన అట్టపెట్టె.

అంత మాత్రాన చవక చేసి ఇచ్చేవాళ్ళందరూ ధర్మరాజులని కాదు. మెట్రో పర్పుల్ లైన్‌కు కాడుగోడే చివరి స్టేషన్, అందుకని సీటు దొరుకుతుంది. మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు మారి చిక్‌పేటలో దిగి కాస్త నడిస్తే కంప్యూటర్ దుకాణాల ఎస్పీ రోడ్డు. సికిందరాబాదు వాళ్ళకు పార్క్‌లేన్‌లో సీటీసీ ఎలాగో, బెంగళూరు వాళ్ళకు ఈ సాదర్ పాట్రప్ప రోడ్డు అలాగ. అక్కడ నిజాయితీగా బేరం చేసే దుకాణాలు ఎన్నో ఉన్నాయి. వాటి మధ్యే ఇంకో సరుకూ ఉంది: "ఐ7, పదహారు జీబీ, నాలుగు జీబీ గ్రాఫిక్స్, గేమింగ్ పీసీ, తీసుకెళ్ళు." ఐ7 నిజమే. పుట్టిన సంవత్సరం అడగాలి. ఐ7-2600 అయితే 2011 జనవరిలో బజారుకొచ్చింది. ఆ నాలుగు జీబీ కార్డు చాలాసార్లు జీటీ 730 అవుతుంది, 2014 నాటిది. 5600జీ లోపల ఊరికే వచ్చే గ్రాఫిక్సే దానికంటే వేగం. పక్కన పెట్టిన సంఖ్య పెద్దది కాబట్టి కార్డు కూడా పెద్దదే అనుకుంటాం. పైగా విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ అడిగేది సాధారణంగా ఇంటెల్ 8వ తరం నుంచి. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. "విండోస్ ఫ్రీగా వేసిస్తా" అన్నవాడు ఎక్కడి విండోస్ వేస్తాడో మీకు తెలుసు, వాడికీ తెలుసు. లినక్స్ వేసుకుంటే అదీ ఫ్రీయే, దొంగతనమూ కాదు. కానీ ఆ మాట ఎత్తితే నలుగురు అన్నలూ మళ్ళీ నాలుగు మతాలుగా చీలిపోతారు.

డబ్బు నిజంగా ఎక్కువ పెట్టాల్సిన వస్తువు ఒకటుంది. దాని గురించి ఏ అన్నా మాట్లాడడు. అది ఎస్ఎంపీఎస్. గోడలోంచి వచ్చే కరెంటును లోపలి భాగాలకు తగినట్టు మార్చి పంచే డబ్బా. చవక క్యాబినెట్ కొంటే ఇది లోపలే వస్తుంది, మీద "450 వాట్లు" అని కాగితం అంటించి ఉంటుంది. ఆ కాగితం మీద రాసింది నిలకడగా ఇవ్వగలిగిన శక్తా, ఒక్క క్షణం ఎగిరి అందుకోగలిగినదా అన్నది కాగితం చెప్పదు. కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయే వానాకాలపు సాయంత్రాల్లో నాసిరకం ఎస్ఎంపీఎస్ ఒక్కటే పోతే అదృష్టం. బోర్డునూ డిస్కునూ తోడు తీసుకుపోయిన సందర్భాలు రిపేరు షాపువాళ్ళను అడిగితే కథలు కథలుగా చెబుతారు. 2004 నుంచి 80 ప్లస్ అనే ముద్ర ఉంది. డబ్బా తీసుకున్న కరెంటులో కనీసం ఎనభై శాతం లోపలికి చేరుస్తుందని దాని భరోసా. అది కూడా పొదుపు లెక్కే, రక్షణకు హామీ కాదు, కానీ పరీక్షకు నిలబడ్డ సరుకని ఒక ఆనవాలు. దీని మీద రెండు వేలు వేసుకో అంటే నేనూ చప్పట్లు కొడతాను. ఎవరూ అనరు. ఎందుకంటే ఎస్ఎంపీఎస్ గాజు పలకలోంచి కనపడదు, దానికి లైట్లుండవు, ఫోటో దిగితే దానికి లైకులు రావు.

ర్యామ్ సంగతి మరీ ఘోరం, ఇందులో మన ఐటీపీఎల్ బాబుల వాటా కూడా ఉంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఆకాశానికెక్కాయి. ప్రపంచంలో మెమరీ చిప్పులు చేసే పెద్ద కంపెనీలు మూడే: శాంసంగ్, ఎస్కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ డేటా సెంటర్లు ఎంత ధరైనా ఇచ్చి కొంటుంటే, చిల్లర కొట్టుకు సరుకు ఎవరు పంపుతారు? మైక్రాన్ అయితే 2025 డిసెంబరు 3న, క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్ళకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అంటే పగలంతా ఆఫీసులో కూర్చుని ఏఐ చేత పిల్లి బొమ్మలు గీయించే అన్న, సాయంత్రం పీజీకి వచ్చి "పదహారు జీబీ లేనిదే వేస్టు తమ్ముడూ" అంటున్నాడు. ఆ పదహారు జీబీ ఎక్కడికి పోయిందో అతని కంటే బాగా తెలిసినవాడెవరు?

ఒకప్పుడు ఈ బెంగళూరులోనే పేదవాడి కంప్యూటర్ మీద బుర్ర పెట్టినవాళ్ళున్నారు. ఐఐఎస్సీ ఆచార్యులు, ఎన్‌కోర్ కంపెనీ ఇంజనీర్లు కలిసి సింప్యూటర్ చేశారు. 2004లో అది అమీడా పేరుతో దాదాపు పది వేల రూపాయలకు బజారుకొచ్చింది. 2011లో హైదరాబాదులో బిగించిన ఆకాశ్ టాబ్లెట్‌ను ఢిల్లీలో ఆర్భాటంగా విడుదల చేశారు. రెండూ అనుకున్నంత నిలబడలేదు. నవ్వినవాళ్ళూ చాలామంది, ఆకాశ్ నత్తనడక మీద అయితే మరీ. కానీ వాళ్ళు ఒక పని సరిగ్గా చేశారు, ముందు ధర గీత గీసి, ఆ గీత లోపల ఏం పడుతుందో వెతికారు. 2012లో ఇంగ్లండువాళ్ళు రాస్ప్‌బెర్రీ పై అనే బోర్డును 35 డాలర్లకు తెచ్చింది కూడా అలాగే. మన సలహాదారులు ముందు సరుకు రాసి, తర్వాత కొనేవాడి గీతను చెరిపేస్తున్నారు. ఓడిపోయిన సింప్యూటర్ ఈ గెలిచిన వీడియోల కంటే గౌరవంగా ఓడిపోయింది.

పాతిక వేలకు దారే లేదా అంటే, ఉంది. ఈ అన్నలు రోజూ దాని పక్కనుంచే నడిచి వెళ్తుంటారు. కంపెనీలు నాలుగైదేళ్ళు వాడి పక్కన పెట్టే డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ డెస్క్‌టాపులు శుభ్రం చేసి ఎస్పీ రోడ్డులో అమ్ముతారు. ఐ5-8500 ఉన్నది చూసుకుంటే 2018 నాటిది, ఆరు కోర్లు, గ్రాఫిక్స్ లోపలే, విండోస్ 11కు సరిపోతుంది. కొత్త ఎస్ఎస్‌డీ వేయించుకుని, ఒక మామూలు మానిటర్ పెట్టుకుంటే బీసీఏ మూడేళ్ళూ గడుస్తాయి. లోపాలు లేవా? ఉన్నాయి. చిన్న సైజు డబ్బాల్లో ఎస్ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటుంది, పోతే అదే వెతుక్కోవాలి. పెద్ద గ్రాఫిక్స్ కార్డు పట్టదు. బిల్లూ వారంటీ కాగితమూ లేకుండా కొనకూడదు. అయినా ఈ మాట ఏ వీడియోలోనూ గట్టిగా వినపడదు. పాత డెల్ డబ్బాకు గాజు పలక లేదు, కెమెరా ముందు విప్పడానికి మెరిసే అట్టపెట్టె లేదు, కింద కమీషను వచ్చే లింకూ లేదు.

కాబట్టి కాడుగోడి ఇంజనీరు బాబులకు ఒక విన్నపం. మీ ఆఫీసులో పక్కన పెట్టిన డెస్క్‌టాపులు ఎక్కడికి వెళ్తున్నాయో మీ ఐటీ విభాగాన్ని అడగండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల్లో రీఫర్బిష్ చేసేవాళ్ళకు కూడా రిజిస్ట్రేషన్ ఉంది. అలాంటివాళ్ళ చేతికి వెళ్తున్నాయా, ఊరవతల తూకానికి వెళ్తున్నాయా? ఆ ఒక్క మెయిల్ రాయండి. వచ్చిన జవాబు మీ పీజీ వంటమాస్టరుకు చెప్పండి. మదర్‌బోర్డు గురించి మాత్రం దయచేసి ఇంకేమీ చెప్పకండి.