కెమెరా బ్యాటరీ మార్చేవారికి కొన్ని తలకిందుల సలహాలు

ఇక్కడ చెప్పబోయే సలహాలు ఇంట్లో పెద్దలు చెప్పేవాటికీ, కొట్లో కౌంటర్ దగ్గర వినిపించేవాటికీ ఎదురుగా ఉంటాయి. తక్కువ అంకె ఉన్న సెల్లు కొనమంటాను. బాగున్న మూడింటిని కూడా కెమెరాలోంచి తీసేయమంటాను. సెల్లకన్నా చార్జర్‌కే ఎక్కువ ఖర్చు పెట్టమంటాను. ఫుల్ చార్జి చేసి దాచొద్దంటాను. వినగానే దుబారా మాటల్లా ఉంటాయని తెలుసు. అయినా ప్రతి మాట మీదా నిలబడే చెబుతున్నాను. మన ఇళ్లలో బ్యాటరీలు తొందరగా పోతున్నది నిర్లక్ష్యం వల్ల కాదు, పొదుపు వల్ల. పూర్తిగా అయ్యేదాకా వాడటం, రాత్రంతా చార్జిలో వదిలేయడం, పనికొచ్చేదాన్ని పారేయకపోవడం, చవగ్గా దొరికినప్పుడు నాలుగు ఎక్కువ కొని పెట్టుకోవడం మిగతా వస్తువుల విషయంలో మంచి అలవాట్లే. రీచార్జబుల్ బ్యాటరీని మాత్రం అవే చంపుతాయి.

ఈ మాటలు ఇప్పుడెందుకంటే, బీరువాల్లో పడి ఉన్న పాత డిజిటల్ కెమెరాలు మళ్లీ బయటికొస్తున్నాయి. కాలేజీ పిల్లలు ఇంట్లోవాళ్ల పాత కేనన్ పవర్‌షాట్‌ ఏ సిరీస్‌నో, నికాన్ కూల్‌పిక్స్ ఎల్ సిరీస్‌నో దులిపి వాడుతున్నారు. వాటిలో చాలా మోడళ్లు పెన్సిల్ సెల్లతో నడిచేవే. కెమెరా బాగానే ఉంటుంది. రీచార్జబుల్ సెల్లు మాత్రం నాలుగు ఫోటోలకే చేతులెత్తేస్తాయి. వెంటనే కొట్టుకు పరుగెత్తుతారు.

పరుగెత్తకండి. ముందు సెల్లను కాదు, కెమెరాను అనుమానించండి. సెల్లు కూర్చునే చోట స్ప్రింగులు, రేకులు చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వాటి మీద సన్నని పొర పట్టడం మామూలే. ఆ పొర చాలు, మంచి సెల్లు కూడా ముసలిదైపోయినట్టు కనిపించడానికి. పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. ఎప్పుడో మరిచిపోయిన ఆల్కలైన్ సెల్లు కారి తెల్లటి పొడి గడ్డకట్టి ఉంటే, దూదిపుల్లను వెనిగర్‌లో కాస్త తడిపి తుడిచి, బాగా ఆరనివ్వండి. సెల్లు చివర్లు కూడా తుడవండి.

తర్వాత మెనూలోకి వెళ్లండి. కూల్‌పిక్స్ ఎల్ సిరీస్ లాంటి కెమెరాల్లో బ్యాటరీ రకం ఎంచుకునే సెట్టింగు ఉంటుంది. అది ఆల్కలైన్ మీద ఉండి, మీరు వేసింది నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్లయితే, కెమెరా తప్పుగా లెక్కేస్తుంది. ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టుల దగ్గర మొదలై క్రమంగా దిగుతుంది. రీచార్జబుల్ సెల్లు ఎక్కువసేపు 1.2 దగ్గరే నిలకడగా ఉండి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. ఆ 1.2 చూసి కెమెరా, సెల్లు అయిపోవచ్చిందని ఎర్ర గుర్తు చూపిస్తుంది. సెట్టింగు మారిస్తే కొత్త సెల్లు కొనే పనే ఉండకపోవచ్చు.

మల్టీమీటర్ మాట నమ్మకండి

అప్పుడే చార్జి చేసి తీసిన సెల్లు, ఎంత అరిగిపోయినదైనా, మీటర్ మీద దర్జాగా 1.4 వోల్టుల దాకా చూపిస్తుంది. మీటర్ దానిచేత పని చేయించదు కాబట్టి. సెల్లు ముసలిదవడమంటే ముఖ్యంగా రెండు జరుగుతాయి: పట్టే చార్జి తగ్గుతుంది, లోపలి రెసిస్టెన్సు పెరుగుతుంది. కెమెరాలో లెన్సు బయటికొచ్చేటప్పుడు, ఫ్లాష్ నిండేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ క్షణంలో అరిగిన సెల్లు వోల్టేజి కుంగిపోతుంది, కెమెరా ఆగిపోతుంది. బయటికి తీసి కొలిస్తే మళ్లీ బాగానే కనిపిస్తుంది. ఇక్కడే జనం కెమెరా పాడైందనుకుంటారు.

అసలు పరీక్ష వేరే ఉంది. పూర్తిగా చార్జి చేసి, వారం రోజులు పక్కన పెట్టి, అప్పుడు ఫ్లాష్ వేసి వరసగా తీయండి. ఫ్లాష్ మళ్లీ సిద్ధం కావడానికి పట్టే వ్యవధి గమనించండి. సెల్లను ఖాళీ చేసి ఎంత చార్జి పట్టిందో ఎంఏహెచ్‌లో చూపించే చార్జర్లు కూడా ఉన్నాయి. మీద అచ్చేసిన అంకెలో మూడింట రెండు వంతులు కూడా రాకపోతే అది కెమెరాకు పనికిరాదనే నా తీర్పు. ఒక జాగ్రత్త: ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న నికెల్ సెల్లు మొదటి చార్జికే పూర్తి బలం చూపించదు. రెండు మూడు సార్లు చార్జి చేసి, వాడి, ఆ తర్వాతే తీర్పు చెప్పండి.

తక్కువ అంకె ఉన్నదే కొనండి

కొట్లో వరసగా వేలాడే ప్యాకెట్ల మీద 2000, 2500, 2800 అని అంకెలుంటాయి. ఒకే ధరకు ఎక్కువ వస్తుంటే తక్కువది ఎవరు కొంటారు? మీరు కొనండి. పెన్సిల్ సెల్లు కొలత మారదు. ఆ డబ్బాలోనే ఎక్కువ చార్జి పట్టించాలంటే లోపల ఎలక్ట్రోడ్ పదార్థం పెంచాలి, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉండే పొరను పలచన చేయాలి. ఆ పలచదనానికి ధర తర్వాత చెల్లిస్తాం. సెల్లు ఊరికే ఉన్నా చార్జి కారిపోతుంది, ఆయుష్షూ తగ్గుతుంది. పాతకాలం ఎక్కువ సామర్థ్యపు సెల్లు చార్జి చేసి బీరువాలో పెడితే, రెండు నెలల తర్వాత పండక్కి కెమెరా తీసేసరికి నీరసంగా ఉండేవి ఇందుకే.

2005లో జపాన్‌లో సాన్యో కంపెనీ ఎనెలూప్ పేరుతో తెచ్చిన సెల్లు ఈ లెక్కను మార్చాయి. అంకె పెంచడం మీద కాకుండా, ఉన్న చార్జి కారిపోకుండా చూడటం మీద దృష్టి పెట్టారు. తర్వాత సాన్యో పానసోనిక్ చేతికి వెళ్లింది, ఆ పేరు కొనసాగింది. ఆ కంపెనీ చెప్పే అంకెలే చూడండి: 2000 ఎంఏహెచ్ మామూలు రకం 2100 సార్లు చార్జి చేయొచ్చు, 2500 ఉన్న ప్రో రకం 500 సార్లు. నాలుగో వంతు ఎక్కువ చార్జి కోసం నాలుగింట మూడు వంతులకు పైగా ఆయుష్షు వదులుకోవాలి. రోజంతా తీసి సాయంత్రం చార్జి పెట్టుకునే వృత్తి ఫోటోగ్రాఫర్‌కు ఆ బేరం గిట్టుబాటు కావచ్చు. పండక్కీ పబ్బానికీ కెమెరా తీసే ఇంటికి గిట్టదు. ప్యాకెట్ మీద చార్జి నిలుపుకొనే రకమనో, ముందే చార్జి చేసి వస్తుందనో రాసి ఉందేమో చూడండి.

3000 దాటిన అంకె కనిపిస్తే ఆ పెన్సిల్ సెల్లు ముట్టుకోకండి. నికెల్ మెటల్ హైడ్రైడ్‌లో ఆ కొలతకు అంత పట్టదు. అనుమానముంటే వంటింట్లో చిన్న కాటా మీద పెట్టండి. నిజమైన సెల్లు 25 నుంచి 30 గ్రాముల వరకు తూగుతుంది. 15, 18 గ్రాములే ఉంటే లోపల సరుకు లేదన్నమాట.

ఒకటి పోతే నాలుగూ మార్చండి

ఈ సలహా దగ్గరే అందరూ నాతో వాదిస్తారు. మూడు మంచిగా ఉన్నాయి కదా, ఒకటే కొంటే పోయేదేముంది అంటారు. పోయేది ఆ కొత్త సెల్లే.

నాలుగు సెల్లు వేసే కెమెరాలో, ఫ్లాష్‌లో అవి వరసగా ఒకే దారిలో ఉంటాయి. ఒకే కరెంటు నాలుగింటి గుండా వెళ్లాలి. అందులో బలహీనమైనది ముందే ఖాళీ అవుతుంది. మిగతా మూడింటిలో చార్జి ఉంది కాబట్టి అవి కరెంటు నెడుతూనే ఉంటాయి. ఖాళీ అయిన సెల్లు గుండా కరెంటు అలాగే సాగితే దాని ధ్రువాలు తిరగబడి, లోపల గ్యాసు పుట్టి, అది శాశ్వతంగా దెబ్బతింటుంది. కాడికి ఒక పక్క కోడెనూ మరో పక్క ముసలి ఎద్దునూ కట్టినట్టే. కోడె బలం ఎద్దును కాపాడదు, ఇంకాస్త ముందుగా కూలదోస్తుంది. ఆపైన కొత్త సెల్లు ప్రతిసారీ సగంలోనే ఆగి, ముసలివాటితో కలిసి చార్జర్‌లోకి వెళుతుంది. దాని బలం మీకెప్పుడూ కనిపించదు.

కాబట్టి నాలుగూ ఒకే రోజు, ఒకే రకం, ఒకే ప్యాకెట్ కొనండి. కొన్న నెల, సంవత్సరం, సెట్టు నంబరు మార్కర్‌తో సెల్లు మీదే రాయండి. కలిసే కెమెరాలోకి, కలిసే చార్జర్‌లోకి. పెళ్లిళ్లు తీసేవాళ్లు సెట్లు కలవకుండా చూసుకోవడం ఊరికే కాదు. తెల్లవారుజాము ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఒక్కటే ఉంటుంది. ఫ్లాష్ నిండటానికి పది సెకన్లు పడితే ఆ ఫోటో ఇక లేదు, పంతులుగారు మళ్లీ పెట్టించరు. నాలుగింటిలో ఒక్క ముసలి సెల్లు చాలు ఆ ఆలస్యానికి.

డబ్బులు తక్కువుంటే చార్జర్ మార్చండి

సెల్లు తరచూ పోతుంటే చాలాసార్లు తప్పు చార్జర్‌ది. రెండు సెల్లకు కలిపి ఒకే లైటు వెలిగే చార్జర్ మీ దగ్గరుంటే, అది రెండింటినీ ఒకటిగానే చూస్తోందని అర్థం. ఒకటి నిండినా రెండోది నిండేదాకా మొదటిదాన్ని కూడా ఉడికిస్తుంది. గంటలు లెక్కపెట్టి ఆగేవి, అసలు ఆగనివి ఇంకా నష్టం. మంచి చార్జర్ ఒక్కో సెల్లునూ విడిగా కనిపెడుతుంది. నికెల్ సెల్లు నిండగానే వోల్టేజి చిటికెడు తగ్గుతుంది. ఆ తగ్గుదల గుర్తుపట్టి ఆపేస్తుంది. చార్జి చివర్లో సెల్లు గోరువెచ్చగా ఉండటం సహజం. చేత్తో పట్టుకోలేనంత వేడెక్కితే ఆ చార్జర్‌ను ఆ రోజే పక్కన పెట్టండి. ఇలాంటి చార్జర్ ఖరీదు ఒక సెట్టు సెల్లను మించొచ్చు. అది తర్వాతి సెట్లన్నింటినీ కాపాడుతుంది కాబట్టి వెనకాడకండి.

పూర్తిగా అయ్యాకే చార్జి పెట్టాలన్న మాట వదిలేయండి. అది నికెల్ కాడ్మియం కాలపు సలహా. ఉపగ్రహాల్లోని ఆ సెల్లు ప్రతిసారీ ఒకే మేరకు ఖాళీ అయి, ఒకే మేరకు నిండుతూ, ఆ మేరకే అలవాటు పడినట్టు ప్రవర్తించడం గమనించి పుట్టిన జాగ్రత్త. నికెల్ మెటల్ హైడ్రైడ్‌లో ఆ లక్షణం స్వల్పం. ఎప్పుడైనా ఒకసారి కెమెరా తనంతట తాను ఆగేదాకా వాడితే చాలు. మిగతా రోజుల్లో సగంలో చార్జి పెట్టినా నష్టం లేదు.

లిథియం బ్యాటరీ అయితే

డీఎస్‌ఎల్‌ఆర్‌లలో, మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఉండే పలక బ్యాటరీ వేరే జాతి. దీన్ని పూర్తిగా ఖాళీ చేయడం హానికరం, ఫుల్ చార్జితో నెలల తరబడి దాచడమూ హానికరమే. వాడనప్పుడు సగం చార్జితో, ఇంట్లో చల్లగా ఉండే మూల పెట్టండి. రోహిణి కార్తెలో నిండు బ్యాటరీతో కెమెరాను కారులో వదిలేయడం కన్నా దాని ఆయుష్షు తగ్గించే పని లేదు. నికాన్‌లో పెద్ద మోడళ్ల మెనూలో బ్యాటరీ వయసు 0 నుంచి 4 వరకు చూపిస్తుంది. 4 అంటే మార్చాల్సిందే. కేనన్‌లో కొన్ని మోడళ్లు మూడు పచ్చ గళ్లతో చెబుతాయి, ఎరుపు వస్తే కొత్తది కొనాలి.

కొనేటప్పుడు రెండు కొనకండి. లిథియం బ్యాటరీ డబ్బాలో ఉన్నా వయసు మీరుతుంది. భద్రంగా దాచిన రెండోది మొదటిదాని వెనకే ముసలిదవుతుంది. తయారీ ఆగిపోయిన కెమెరాకు ఒరిజినలే కావాలని పట్టుబట్టడం కూడా ఇందుకే అనవసరం. ఏళ్ల నాటి నిల్వ సరుకు కన్నా, పేరున్న వేరే కంపెనీ ఈమధ్య తయారుచేసింది మేలు కావచ్చు. అయితే దాన్ని పెట్టాక కెమెరా ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసేముందు ఆలోచించండి. 2013లో నికాన్ డీ3100, డీ5100 లాంటి మోడళ్లకు వచ్చిన అప్‌డేట్ తర్వాత బయటి కంపెనీల బ్యాటరీలు చాలా పనిచేయడం మానేశాయి.

అంకెల మాయ ఇక్కడా ఉంది. కేనన్ 5డీ మార్క్ 2తో 2008లో వచ్చిన ఎల్‌పీ-ఈ6 బ్యాటరీ 1800 ఎంఏహెచ్. అదే పలకలో 2020లో వచ్చిన ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్ 2130. అంత పెద్ద కంపెనీకి ఐదో వంతు కూడా పెంచకముందే పన్నెండేళ్లు గడిచాయి. 860 ఎంఏహెచ్ ఉండే ఎల్‌పీ-ఈ10 బ్యాటరీకి 1500 అని అచ్చేసి సగం ధరకు అమ్ముతుంటే నమ్మాల్సిన పనిలేదు.

బ్యాటరీ ఉబ్బితే మరో మాట లేదు. చార్జి పెట్టొద్దు, గుచ్చొద్దు, కెమెరాలో ఇరుక్కుంటే స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు. మంట అంటుకునే వస్తువులకు దూరంగా ఉంచి రిపేరు షాపుకు తీసుకెళ్లండి. విమానమెక్కేటప్పుడు విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ సూట్‌కేసులో కాదు. పోయిన బ్యాటరీ చివర్లకు టేపు అంటించి ఈ-వేస్ట్ సేకరించేచోట ఇవ్వండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. కొట్టేసిన చెత్తబుట్ట గుర్తు వాటి మీద ఉండేది మామూలు చెత్తలో వేయొద్దని చెప్పడానికే.

కెమెరా నుంచి తీసేసిన పెన్సిల్ సెల్లను మాత్రం వెంటనే పారేయకండి. గోడ గడియారం, టీవీ రిమోట్ అతి కొద్ది కరెంటుతో నడుస్తాయి. ఆ సెల్లు అక్కడ ఇంకా కొన్నాళ్లు పనిచేస్తాయి. బీపీ చూసే మిషన్‌లో మాత్రం వేయకండి. గాలి కొట్టే మోటారు తిరిగేటప్పుడు అదీ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. దానికి కొత్త సెల్లే కావాలి.