ధాత సంవత్సరపు స్థానచలనములు

1936వ సంవత్సరమును గురించి వ్రాయబూనినవారు సాధారణముగా మే నెలలో ఇటలీ సేనలు అడిస్ అబాబా ప్రవేశించుటతోనో, జులైలో స్పెయిను దేశమున అంతర్యుద్ధము రగుల్కొనుటతోనో ఆరంభింతురు గాని, ఆమదాలవలస రైలు స్టేషను నీడలో పెరిగిన నాకు ఆ సంవత్సరము మా తాత చెప్పిన వరుసలోనే జ్ఞాపకమున్నది. ఆ వరుసలో ముస్సోలినీ చాల వెనుక వచ్చును, ఒక్కొక్కనాడు రానే రాడు. తాత లెక్కకు అది ధాత నామ సంవత్సరము. పంచాంగ శ్రవణమునాడు పురోహితుడు ఏ రాశి నెత్తుకొన్నను 'స్థానచలనము' అనియే చదివెనని ఆయన వాదము. అందులో సగము తరువాత కల్పించుకొన్నదే యని నా అనుమానము.

పంచాంగమున ఏటేట ఒక రాజును, ఒక మంత్రిని మార్చుకొను ఆచారము మనకు తరతరాలుగా ఉన్నదే. ఇంగ్లండువారు ఆ యొక్క సంవత్సరములో మనలను మించిపోయిరి. జనవరి 20న అయిదవ జార్జి కాలధర్మము నొందెను. ఎనిమిదవ ఎడ్వర్డు గద్దె నెక్కి, ఒక అమెరికా వనితను పెండ్లాడు నిమిత్తము డిసెంబరులో తానుగా దిగిపోయెను. ఆయన తమ్ముడు ఆరవ జార్జి అయ్యెను. ఎడ్వర్డు ముఖము గల రూపాయి మా సంతకు రానేలేదు. టంకశాలలో పాత జార్జి బొమ్మతోనే నాణెములు పడుచుండగా, చింతపండు అమ్ముకొను అవ్వకు నడుమ ఒక రాజు వచ్చి పోయెనని ఎవరు చెప్పవలె?

అయితే మావారికి రాజులు మారుటకంటె జిల్లా మారుట పెద్ద సంగతి. ఉగాది పచ్చడి చేదు నాలుకపై ఆరకమునుపే, ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి, గంజాము జిల్లాలో అధికభాగము అటు పోగా, మిగిలిన శ్రీకాకుళము ప్రాంతమును విశాఖపట్నము జిల్లాకు అంటగట్టిరి. ఆ జిల్లావారికి జయపురపు కొండలు పోయి మేము వచ్చితిమి. బేరములో ఎవరు నష్టపోయిరో చెప్పుట కష్టము. అంతకు ముందు అర్జీ పట్టుకొని కలెక్టరు కొరకు ఛత్రపురమునకై ఉత్తరపు రైలెక్కుటకు అలవాటుపడినవారు, ఇకమీదట అదే ప్లాట్‌ఫారముపై అదే అర్జీతో దక్షిణపు రైలునకై ఎదురుచూడవలసి వచ్చెను. ఆ మార్పును మా తాత ఒక్క మాటలో చెప్పెడివాడు: "ఒరే బావూ, పడుకున్నప్పుడు గంజాం జిల్లా, తెల్లారి లెగిసీసరికి ఇశాపట్నం జిల్లా. మంచం మాత్రం ఇక్కడే ఉందిరా!"

మంచముతో సహా కదలినవారు ఒకరున్నారు. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరుట సహింపక, డెబ్బదియేండ్లు దాటిన వయస్సులో గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. శ్రీముఖలింగము దాపున పుట్టి, సవరల భాషకు వ్యాకరణము కట్టి, జీవితమంతయు వాడుకభాషకై పోరాడిన ఆ మహానుభావుని గురించి నేనిట్లు గ్రాంథికమున వ్రాయుచున్నానని తెలిసినచో, ఆయన రాజమహేంద్రవరమునుండియు మూటముల్లె సర్దుకొనెడివారేమో!

ఇక అసలు కథ. సరిహద్దుగీత జరిగిన ఫలముగా, విజయనగరపు మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజుగారు, లోకము 'విజ్జీ' అని పిలుచు ఆయన, ఏప్రిలు మొదటి తేదీన మా జిల్లావాడయ్యెను. కాపురము కాశీలో నైనను, పుట్టుక పుట్టుకే కదా. అదే వేసవిలో ఆయన భారత క్రికెట్టు జట్టునకు నాయకుడై ఇంగ్లండు వెళ్ళెను. 1932లో పోరుబందరు మహారాజు తన ఆటశక్తి తా నెరిగినవాడై, టెస్టు పోటీనాడు నాయకత్వమును సి. కె. నాయుడుగారికి వదలి తప్పుకొనెను. మావాడు అట్టి బలహీనతలకు లోనగువాడు కాడు. మచిలీపట్నపు మూలములు గల ఆ నాయుడుగారే ఇప్పుడు మావాని క్రింద ఆడవలసి వచ్చెను. లాలా అమర్‌నాథును, ప్యాడ్లు కట్టించి గంటల తరబడి కూర్చుండబెట్టి, ఆతడు విసుగున నాలుగు మాటలన్నందుకు, మొదటి టెస్టైనను ఆడనీయక ఓడ ఎక్కించి ఇంటికి పంపిరి. మాంచెస్టరు టెస్టులో మర్చెంటు, ముష్తాక్ అలీ మొదటి వికెట్టునకు 203 పరుగులు జోడించిరి గనుక అదొక్కటి నిలిచినది. మూడింట రెండు టెస్టులు పోయినవి. నాయకుడు ఆరు ఇన్నింగ్సులలో కలిపి చేసినవి 33 పరుగులు. మన బడి పరీక్షలలో గట్టెక్కుటకు 35 కావలెను. ఆ లెక్కనైనను ఇంకను రెండు తక్కువ!

కాని ఆ పర్యటన నడుమనే ఆయనకు 'సర్' బిరుదము వచ్చెను. ఇచ్చిన రాజు ఎనిమిదవ ఎడ్వర్డు. ఆయన డిసెంబరులో తన బిరుదమునే విడిచిపెట్టెను గాని, మావాడు తనది 1947 దాక విడువలేదు. మరుసటి యేడు బొంబాయి ప్రధాన న్యాయమూర్తి బోమంటు అధ్యక్షతను విచారణ జరిపినవారు, అమర్‌నాథు నిర్దోషి యనియు, నాయకునికి ఫీల్డర్లను నిలుపుటయు బౌలర్లను మార్చుటయు తెలియవనియు తేల్చిరి.

1936లోనే ఆగస్టు 15న బెర్లినులో ధ్యాన్‌చందు జట్టు జర్మనీని 8-1తో ఓడించి హాకీ స్వర్ణపతకము తెచ్చినది. ద్రౌపది చీర ఒక్కటే అయినను దానిపై రెండు తెలుగు చిత్రములు పోటీపడి వెలువడినవి, బళ్ళారి రాఘవగారు దుర్యోధనుడైనది ఓడి, సి.ఎస్.ఆర్. కృష్ణుడైనది గెలిచినది. ఇవన్నియు మా తాత విననట్లే ఉండెడివాడు. జిల్లా వేరైన గెలుపు ఆయనకు గెలుపు కాదు. క్రికెట్టు కన్నెత్తి చూచి యెరుగని ఆయనకు విజ్జీ మీద ఎవరైన ఒక మాట అన్నచో మాత్రము కోపము ముంచుకొని వచ్చెడిది. నేనొకనాడు ఆ విచారణ సంగతి చదివి వినిపించి, "తాతా, మీవోడు ఓడిపోనాడు కదా, మరేటి ఈ గొప్ప?" అని అడిగితిని.

తాత చుట్ట నోటినుండి తీసెను. "ఓడిపోనాడు, ఔను. ఓడిపోనోడికే సర్ ఇచ్చీసినారంటే, గెలిచీసుంటే ఏటిచ్చీవోర్రా? లండను రాసిచ్చీసుందురు! అదిచ్చుకోలేకే ఓడించీసినారు."