షిఫ్టు-బ్రేకు సూత్రమునకు టీకా తాత్పర్యము

మూలము

షిఫ్టు పట్టి బ్రేకు కొట్టి విడువుము.

అవతారిక

1981 డిసెంబరులో ఇంగ్లాండున కేంబ్రిడ్జి నగరపు ఏకార్న్ వారు బీబీసీ మైక్రో అను ఇంటి కంప్యూటరును వెలయించిరి. మన దేశమున బడిపిల్లలకు కంప్యూటరు నేర్పుటకై 1984-85లో ఆరంభమైన ‘క్లాస్’ పథకమున పాఠశాలలకు చేరినదియు ఈ యంత్రమే. దీనికై సుపీరియర్ సాఫ్ట్‌వేర్ వారు 1987లో ‘ప్లే ఇట్ అగైన్ శామ్’ అను ఆటల సంపుటిని విడుదల చేసిరి. అందు సిటడెల్, థ్రస్ట్, స్ట్రైకర్స్ రన్, రేవెన్‌స్కల్ అను నాలుగాటలు కలవు. ఆ నాలుగింటిని ముందే విడివిడిగా కొనియున్నవారి దుఃఖము ఇచట అప్రస్తుతము.

టేపు కొన్నవాడు ఆట తెరకెక్కులోపల టీ కాచుకొని త్రాగి గిన్నె కడుగుకొనవచ్చును. డిస్కు కొన్నవానికి అంత తీరిక లేదు. అట్టివానికై ఈ సూత్రము ప్రవర్తించుచున్నది.

ప్రతిపదార్థము

షిఫ్టు = పెద్దక్షరములకై ఏర్పడిన మీటను; పట్టి = ఎడమచేతి వ్రేలితో అదిమి, వదలక; బ్రేకు = పైవరుసలో ఎర్రమీటలు పదియు దాటిన పిదప కుడికొసనున్న మీటను; కొట్టి = ఒక్కమారు నొక్కి; విడువుము = చేయి తీయుము.

‘ఓ ఆటగాడా’ అనునది అధ్యాహార్యము. డిస్కును ముందే డ్రైవులో పెట్టి గడియ వేసియుండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. అయినను చెప్పుచున్నాము, మరచువారే ఎక్కువ.

తాత్పర్యము

షిఫ్టును వదలక బ్రేకును నొక్కి వదలినచో డ్రైవు గుర్రుమని తిరిగి, మరొక్క అక్షరము టైపు చేయనక్కరలేకయే డిస్కులోని సరుకు తెరకెక్కునని భావము.

విశేషములు

1. ‘విడువుము’ అనుచోట ఏ మీటను ముందు విడువవలెనని శంక. రెంటిని ఒక్కసారే విడువవచ్చునని కొందరందురు. అది పొసగదు. బ్రేకు నొక్కియున్నంతసేపు ప్రాసెసరు ఉలుకదు పలుకదు. వ్రేలు తీసిన పిదపనే యంత్రము మేల్కొని, షిఫ్టు ఇంకను నొక్కియున్నదా అని చూచును. ఉన్నచో డిస్కును కదిలించును. లేనిచో తన పేరు తెరపై వ్రాసికొని ఊరకుండును. కావున బ్రేకు ముందు, షిఫ్టు తరువాత అనునదే సిద్ధాంతము.

2. కర్త ఎవరు? డిస్కులో ఆశ్చర్యార్థకముతో మొదలగు ‘!బూట్’ అను ఫైలుండును. డిస్కుపై వ్రాసిన ఆప్షను సంఖ్య 3 అయినచో, అందలి వాక్యములను యంత్రము ఒక్కొక్కటిగా, ఎవరో మీటల ముందు కూర్చుండి టైపు చేయుచున్నట్లే స్వీకరించును. కర్త కనబడడు, పని మాత్రము జరిగిపోవును.

3. ఛందోనియమము: ఫైలు పేరు ఏడక్షరములు దాటరాదు; డిస్కు ఒక ముఖమున 31 ఫైళ్లు మించరాదు. ఇది ఎవరి పంతమును కాదు, లెక్క. పేర్ల పట్టిక మొదటి సెక్టారులో నుండును. సెక్టారుకు 256 బైట్లు. అందు 8 డిస్కు పేరుకు పోగా, మిగిలిన 248ని ఫైలుకు 8 చొప్పున పంచిన 31 వచ్చును. ఆ ఎనిమిదింట ఏడు పేరుకు, ఒకటి డైరెక్టరీ అక్షరమునకు. ఇంగ్లీషున పదక్షరములున్న రేవెన్‌స్కల్ మూడక్షరములు పోగొట్టుకొననిదే ఈ పట్టికలో నిలువదు.

4. దోషము: పట్టిక చక్కగ వచ్చి, ఆట రాక, ‘డిస్క్ ఫాల్ట్ 18’ అని తెరపై కనబడుట కలదు. 40 ట్రాకుల డిస్కును 80 ట్రాకుల డ్రైవులో పెట్టినచో ఇట్లగును. పట్టిక సున్నా ట్రాకుననే ఉండుటచే రెండింటను దొరకును. తక్కిన ట్రాకులు తప్పిపోవును. డ్రైవుపై 40/80 మీట ఉన్నచో దానిని మార్చుటయే పరిహారము. డిస్కును దులుపుట, డ్రైవును తట్టుట శాస్త్రసమ్మతములు కావు.

5. ధ్వని: యంత్రమున ఉన్నదే 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి. అందు డిస్కు వ్యవస్థ తన పనికై 2,816 బైట్లు కేటాయించుకొనును. టేపుపై పుట్టిన ఆటలు పెక్కింటికి ఆ చోటు కూడ కావలెను. అందుచే డిస్కుపైకి తెచ్చినవారు ఒక యుక్తి పన్నిరి. ఆటను ముందు పైచోట దింపి, పిమ్మట డిస్కు వ్యవస్థ కూర్చున్న చోటికే జరిపిరి. అంతట డిస్కును పిలుచు దారి మూసికొనిపోవును, ఆట నిలుచును. మూలమును అందించి తాను తప్పుకొనుట వ్యాఖ్యాతకు ధర్మము. డిస్కు వ్యవస్థ దానిని పాటించినది. మూలమునకు వందరెట్లు పెరిగిన ఈ టీక పాటించలేదని పాఠకులు గ్రహించియే యుందురు.

ఫలశ్రుతి

ఒక ఆట విసుగైనచో మరియొక దానికై సూత్రమును మొదటినుండి పఠింపవలెను. ఈ టీకను కంఠస్థము చేసినవానికి డిస్కు విషయమున సందేహములుండవు. థ్రస్టులో గురుత్వాకర్షణ మాత్రము తగ్గదు. గోళమును లాగుకొని పైకి లేచు నౌక గుహ గోడకు కొట్టుకొనుట ఎప్పటివలెనే జరుగును.